చీటీ చేతికిచ్చి చరిత్ర వెతకమంటే...

సంక్రాంతి సెలవులైపోయి బడులు తెరిచిన వారం. మా వాడి సంచి సర్దుతుంటే సోషల్ పుస్తకం చేతికొచ్చింది. అందులో సగం పేజీలు కొన్నప్పుడు ఎలా అంటుకుని ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. "ఇదేంట్రా?" అంటే "అన్నీ రాజులూ, సంవత్సరాలే కదమ్మా!" అన్నాడు. నిజం చెప్పొద్దూ, బి.ఏ.లో చరిత్రని నేనూ అలాగే గట్టెక్కాను.

అంతకు కొద్దిరోజుల ముందు పక్కింటి పాప పుట్టినరోజున చాక్లెట్లు దాచి, చీటీలు రాసి పిల్లల చేత వెతికించారు. గంటసేపు ఒక్కళ్ళూ సెల్‌ఫోన్ అడగలేదు. చాక్లెట్ల బదులు చరిత్ర దాస్తేనో అనిపించింది.

బళ్ళో చెప్తే హెడ్‌మిస్ట్రెస్ గారు సంతోషంగా ఇరవై నాలుగు మంది పిల్లల్ని అప్పగించారు. నలుగురికో జట్టు చొప్పున ఆరు జట్లు, ఒక్కో జట్టు వెంట ఒక తల్లి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోవడం ఆ తల్లి పని. జవాబులు అందించకూడదు. (ఈ రెండో షరతు ఒక్కరూ పాటించలేదనుకోండి!)

"నల్లపాడులో చరిత్ర ఏముంది? కోటుందా, గోపురముందా?" అని మా వారు నవ్వారు. రైలు పట్టాలు రెండుగా చీలి ఒకటి నరసరావుపేట మీదుగా నంద్యాలకి, ఇంకోటి సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్ళకి పోయే ఊరు మాది. ఘాటుకి దగ్గుకుంటూ బతుకుతాం. అయినా రెండు వారాలు కూర్చుని పన్నెండు చీటీలు రాశాను.

ఉత్తినే ప్రశ్న వేస్తే పరీక్షవుతుంది. జవాబు పిల్లల్ని ఎక్కడికో ఒకచోటికి నడిపించాలి. ఉదాహరణకి ఒక చీటీలో "1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు ఏ ఊళ్ళో మొదలైంది?" అని అడిగాను. గుంటూరైతే స్టేషన్ బయట టీ బండి దగ్గరికి, కర్నూలైతే సోడా బండి దగ్గరికి వెళ్ళాలి. రాజధాని కర్నూలు కదా అని నాలుగు జట్లు సోడా బండి మీద పడ్డాయి. హైకోర్టు మాత్రం 1956 దాకా మన గుంటూరులోనే ఉందనీ, తర్వాత హైదరాబాదు వెళ్ళి, 2019లో అమరావతికి వచ్చిందనీ అక్కడున్న మా తమ్ముడు చెప్పాకగానీ కదల్లేదు. ఈలోగా తలో సోడా తాగేశారు.

అన్నిటికన్నా గొడవైంది శ్రీనాథుడి చీటీ. "కొండవీటి రెడ్డిరాజుల కొలువులో ఉన్న శ్రీనాథుడి కంచంలో ఘాటు ఎక్కణ్ణుంచి వచ్చేది? కిరాణా కొట్లో ఆ సరుకు డబ్బా వెతకండి." గుంటూరు జిల్లా పిల్లలాయె, అందరూ ఎండుమిరప బస్తాలో చేతులు పెట్టేశారు. మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో పదహారో శతాబ్దంలో వచ్చింది. శ్రీనాథుడు అంతకు ముందే వెళ్ళిపోయాడు. ఆయన తిన్నది మిరియాల ఘాటు. చీటీ మిరియాల డబ్బాలో ఉంది. కొట్టాయన తుమ్ముతూనే "ఇంకోసారి నా కొట్టు వాడుకుంటే ముందు ముక్కుకి గుడ్డ కొనిపెట్టండమ్మా" అన్నాడు.

మీ ఊళ్ళోనూ చెయ్యాలనుకుంటే ఒక్క జాగ్రత్త. చీటీల వరస అన్ని జట్లకీ ఒకటే ఉండకూడదు. నేను ఒకటే పెట్టాను, అందుకే ఆ కొట్టుకి అంత కష్టం.

ఏడో చీటీ దగ్గర ఎనిమిదో తరగతి పిల్ల ఒకత్తి ఆగిపోయింది. "ఆంటీ, ఇందులో ఆడవాళ్ళెవరూ లేరా?" అంది.

చీటీలన్నీ మళ్ళీ చూసుకున్నాను. శ్రీనాథుడు, అమరావతి స్తూపాన్ని 1797లో చూసిన మెకంజీ, పెదనందిపాడు పన్నుల నిరాకరణ నడిపిన పర్వతనేని వీరయ్య చౌదరి, పుల్లరి కట్టనని 1922లో తుపాకి గుళ్ళకి ఒరిగిన కన్నెగంటి హనుమంతు, జాషువా... పన్నెండింట్లో ఒక్క ఆడపేరు లేదు. ఆడవాళ్ళ కష్టాల మీద కథలు రాసేదాన్ని నేను! పైగా గుంటూరు శారదానికేతనం మీద ఒక ప్రశ్న ఉంది. ఆడపిల్లల చదువు కోసం 1922లో పెట్టిన సంస్థ అది. జవాబు దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ గారి పేరొక్కటే రాసుకున్నాను. ఆయనతోపాటు ఆ సంస్థని మోసిన లక్ష్మీబాయమ్మ గారు నా కలానికి గుర్తు రాలేదు.

వెతకాలేగానీ పేర్లకేం కరువు? నాగార్జునకొండ మహాచైత్యానికి దానాలిచ్చిన ఇక్ష్వాకుల ఆడపడుచు శాంతిశ్రీ ఉంది. పల్నాట మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మ ఉంది. 'గృహలక్ష్మి' పత్రికలో 'శారద లేఖలు' రాసిన బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ఉన్నారు. మనం చదివే ఇలాంటి పేజీలకి ఆవిడ పెద్దమ్మ వరస. కానీ ఆ ఎండలో నిలబడి కొత్త చీటీలు ఎక్కడ రాసేది? నోటుపుస్తకంలో కాగితాలు చింపి, ఆరు జట్లకీ ఒకటే రాసిచ్చాను: "ఈ చుట్టుపక్కల అందరికన్నా పెద్దావిణ్ణి వెతకండి. ఆవిడ కళ్ళారా చూసిన ఒక సంగతి, సంవత్సరంతో సహా రాసుకు రండి."

ఫోన్లో దొరకని ప్రశ్న ఇదొక్కటే. ఒక జట్టు 1977 నవంబరు ఉప్పెన పట్టుకొచ్చింది. ఇంకో జట్టుకి ఒక మామ్మగారు వాళ్ళింట్లో మొదట కరెంటు దీపం వెలిగిన సంగతి చెప్పారట. సంవత్సరం అడిగితే "మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు" అన్నారట. పిల్లలు ఊరుకుంటారా! ఆ పెద్దాడి ఆధార్ కార్డు తెప్పించి, పుట్టిన సంవత్సరం చూసి లెక్క కట్టారు.

నన్ను ప్రశ్న అడిగిన పిల్ల జట్టు అందరికన్నా ఆఖర్న వచ్చింది. వాళ్ళతో వెళ్ళిన తల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరప ఘాటేమో అనుకున్నాను. వాళ్ళు మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళారట. కాగితం మీద నాలుగే వాక్యాలున్నాయి. "1987. పత్తికి తెల్లదోమ వచ్చింది. కౌలు మూడెకరాలు. ఆ అవ్వ వాళ్ళాయన మందు తాగాడు."

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ పట్టింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు, అప్పులు మాత్రం పెరిగాయి. చాలామంది రైతులు చేనుకి తెచ్చిన మందే తాగారు. అప్పుడు నేను చిన్నపిల్లని. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం విన్నాను, అంతే. సోషల్ పుస్తకంలో ఎక్కడుందీ అని ఆ పిల్ల అడిగితే, నాకు తెలిసి లేదనే చెప్పాను.

చీటీకి పది మార్కులని ముందే అనుకున్నాం. "దీనికి ఎన్నెయ్యమంటారు?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. నేను వెయ్యలేనన్నాను. జామెట్రీ బాక్సులు ముందుగా పూర్తి చేసిన జట్టుకే వెళ్ళాయి. పాపం వాళ్ళూ బాగానే పరుగెత్తారు.

మరుసటి ఆదివారం ఆ పిల్లని వెంటబెట్టుకుని ఆ అవ్వ దగ్గరికి వెళ్ళాను. కాయల రాశి ముందు కూర్చుని, తల ఎత్తకుండానే తొడిమలు తీస్తోంది. తాలుకాయలు ఒక పక్కకి, మంచివి ఒక పక్కకి పడుతున్నాయి. ఆ రోజు నుంచీ ఇదే పనిట.

"రాసుకుపోయారుగా, నా పేరు రాశారా?" అంది.

పిల్ల నా వంక చూసింది. కాగితంలో "ఆ అవ్వ" అనే ఉంది. పేరు రాయమని చీటీలో నేను అడగనే లేదు. పిల్ల పెన్ను తీసింది. అవ్వ తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. "ఆయన పేరు కూడా రాయమ్మా" అని, ఆ పేరు మాత్రం తను పలకలేదు. పక్కన కూర్చున్నావిణ్ణి మోచేత్తో పొడిచింది. ఆవిడ చెప్పింది, పిల్ల రాసుకుంది.