పాత వ్యానుకు రోగనిర్ణయము

1984లో రోడ్డెక్కి, 2019లో తయారీ నిలిచిపోయిన మారుతీ వ్యానులు నేటికిని మన ఊళ్ళలో మనుష్యులను, కూరగాయల బుట్టలను, పెండ్లివారి సామానులను మోయుచున్నవి. వానికి ముందుతరపు మెటాడోరులును అక్కడక్కడ కానవచ్చుచున్నవి. ఇట్టి పాత బండికి సుస్తీ చేసినపుడు యజమాని దానిని షెడ్డుకు తోలి, "ఏదో తేడాగా నున్నది, చూడు" అని వదలి వచ్చుట పరిపాటి. మెకానిక్ ఒక భాగమును మార్చును. గుణము కనిపింపనిచో మరియొకటి మార్చును. నాడి చూడక మందిచ్చినట్లు ధనము వ్యయమగును గాని జబ్బు పోదు.

ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ముఖ్యముగా ఒక్కటే. పాత వ్యానులో బాధ కనిపించు చోటు వేరు, దానికి కారణమున్న చోటు వేరు కావచ్చును. ఇంజను జబ్బని తోచినది బ్రేకులో పుట్టవచ్చును. బ్రేకు జబ్బని తోచినది ఇంజను వద్ద పుట్టవచ్చును. కాబట్టి పానా పట్టుటకు ముందు లక్షణములను వరుసగా గమనింపవలెను. ఆ వరుసలో బ్రేకు మొదటిది. ఇంజను మొరాయించిన బండి మనలను దారిలో నిలిపివేయును. బ్రేకు మొరాయించిన బండి నిలువవలసిన చోట నిలువదు.

బ్రేకు పనిచేయు విధము సులభముగానే తెలియును. పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నెట్టును. ద్రవము నొక్కిన నొదుగదు గనుక ఆ ఒత్తిడి గొట్టముల ద్వారా చక్రములను చేరి, డ్రమ్ములోని లైనింగులను పట్టించును. గాలి అట్లుకాదు, నొక్కిన నొదుగును. అందుచేత పెడలు స్పంజివలె మెత్తగా నున్నచో గొట్టములలో గాలి చేరినదని తలంపవచ్చును. పెడలును గట్టిగా త్రొక్కి ఉంచగా అది మెల్లమెల్లగా దిగిపోవుచున్నచో ఆయిలు ఎక్కడనో కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగినవి. అట్టి బండిని మరి ఒక్క మైలైనను నడుపరాదు. బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగుచున్నచో మొదట టైర్లలోని గాలిని, పిమ్మట ఒక చక్రపు లైనింగుకు ఆయిలు అంటినదేమో చూడవలెను. ఇనుము ఇనుముతో రాచుకొను శబ్దము వచ్చినచో లైనింగు పూర్తిగా అరిగినదన్నమాట.

ఇంజను విషయమున పొగయే మొదటి సాక్షి. నీలిపొగ ఇంజనాయిలు కాలుచున్నదని తెలుపును. ఉదయము స్టార్టు చేయగనే ఒక్కమారు వచ్చి పోయిన వాల్వు సీళ్ళను, ఎత్తు ఎక్కునపుడు విడువక వచ్చిన పిస్టను రింగులను అనుమానింపవలెను. నల్లపొగ వచ్చినచో ఇంధనము ఎక్కువై గాలి తక్కువైనదని అర్థము. ఎయిర్ ఫిల్టరును విప్పి చూచుట మొదటి పని. తెల్లపొగ తెరలు తెరలుగా వచ్చుచు, రేడియేటరులో నీరు దినదినము తగ్గుచున్నచో హెడ్ గాస్కెట్టు కాలియుండవచ్చును. డీజిలు బండిలో చలి ఉదయమున డీజిలు వాసనతో తెల్లపొగ వచ్చినచో హీటరు ప్లగ్గులను పరీక్షింపవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను మాత్రము ఎన్నడును తెరువరాదు. లోపలి ఒత్తిడికి మరుగునీరు ముఖము మీదికి చిమ్మును.

ఇక బాధ ఒకచోటను కారణము వేరొకచోటను ఉండు సందర్భములు మూడింటిని వివరింతుము.

మొదటిది: బండికి పికప్ తగ్గినది, పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నది. కార్బొరేటరును శుభ్రము చేయింతురు, ప్లగ్గులను మార్తురు, మార్పుండదు. అప్పుడు చదునైన రోడ్డుపై మెల్లగా పోవుచు న్యూట్రలు చేసి చూడవలెను. బండి స్వేచ్ఛగా దొర్లక వెంటనే బిగిసినట్లు నిలిచినచో బ్రేకు వదలుట లేదు. కొంతదూరము నడిపి ఆపి, చక్రముల దగ్గరకు అరచేతిని, తాకింపకుండ, తీసికొనిపోయినచో ఏ చక్రము వేడెక్కినదో తెలియును. ఆ చక్రమును జాకీపై లేపి, బ్లీడింగు నిపుల్‌ను కొంచెము వదులుచేయవలెను. ఆయిలు చిమ్మి చక్రము వదులైనచో ఒత్తిడి ఆయిలులోనే చిక్కుకొన్నదన్నమాట. పాత రబ్బరు హోసు లోపల ఉబ్బి, ఆయిలును పోనిచ్చి రానీయకుండుట దీనికి తరచైన కారణము. నిపుల్ వదులుచేసినను చక్రము తిరుగనిచో త్రుప్పు పట్టిన హ్యాండ్ బ్రేకు కేబులును, షూల స్ప్రింగులను చూడవలెను.

ఈ వేడిని తేలికగా తీసికొనరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. డాట్ 3 రకపు ఆయిలు క్రొత్తదైనపుడు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగరాదని ప్రమాణము. తేమ పట్టినపుడు ఆ ప్రమాణము 140 డిగ్రీలు మాత్రమే. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి గాలివలెనే ఒదుగును గనుక పెడలు ఒక్కసారిగా నేలకంటును. కాబట్టి ఈ ఆయిలును రెండేండ్లకొకమారు మార్పించుట మేలు. దానికి బదులు ఇంజనాయిలు పోసినచో రబ్బరు భాగములన్నియు ఉబ్బి పాడగును.

రెండవది: బూస్టరున్న పెట్రోలు బండిలో ఇంజను స్లోలో వణకుచున్నది, బ్రేకు పెడలు రాయివలె గట్టిపడినది. వీనిని రెండు జబ్బులని తలంతురు. బూస్టరు మన కాలిబలమునకు తోడ్పడునది. దానికి కావలసిన వాక్యూమ్ ఇంజను పీల్చు గాలిమార్గమునుండియే వచ్చును. ఆ గొట్టము చిట్లినను, బూస్టరులోని రబ్బరు పొర చినిగినను ఇంజనుకు అనవసరపు గాలి చేరును, బ్రేకుకు సాయము తప్పును. పరీక్ష సులభము. ఇంజనును ఆపి పెడలును ఐదారుమారులు త్రొక్కి, అట్లే త్రొక్కిపట్టి స్టార్టు చేయవలెను. పెడలు కాలిక్రింద కొంచెము దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో ఆ గొట్టమును చేతితో తడిమి చూడవలెను. వణకు ఇంజను, ఆ గొట్టమును నొక్కిపట్టగనే కుదుటపడినచో కార్బొరేటరును ముట్టనక్కరలేదు.

మూడవది డీజిలు బండికి సంబంధించినది. చాల డీజిలు వ్యానులలో వాక్యూమ్‌కై వేరుగా ఒక పంపును అమర్తురు. కొన్నింటిలో అది ఆల్టర్నేటరు వెనుకనే ఉండి, బెల్టుతో తిరుగును. బెల్టు తెగినచో బ్యాటరీ దీపము వెలుగును, పెడలు గట్టిపడును. నీటిపంపును అదే బెల్టు త్రిప్పునదైన ఇంజనును కాగును. మూడు బాధలకు కారణము ఒక్క బెల్టు. దీపము వెలిగినది బ్యాటరీ కొరకే గదా యని నడుపుకొనిపోవుట ప్రాణాపాయము.

విశాఖనుండి అరకు పోవు అనంతగిరి ఘాటు వంటి చోట్ల దిగునపుడు చమురు కలిసివచ్చునని న్యూట్రలు చేయువారును, ఇంజనునే ఆపివేయువారును కలరు. న్యూట్రలు చేసినచో గేరు పట్టు పోయి భారమంతయు లైనింగులపై పడును. ఇంజను ఆపినచో రెండు మూడు త్రొక్కుళ్ళకు బూస్టరు సాయమును తీరిపోవును. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పు మాట ఇందుకే.

బండిని షెడ్డుకు తోలుటకు ముందు కాగితముపై నాలుగు సంగతులు వ్రాసికొనుడు. బాధ ఎప్పుడు మొదలైనది? ఇంజను చల్లగా నున్నపుడా, వేడెక్కిన పిమ్మటనా? బ్రేకు త్రొక్కినపుడా, వదలినపుడా? దానితోపాటు మరేమి మారినది? ఈ చివరి ప్రశ్నను మరువవలదు. గట్టి పెడలునకు వణకు ఇంజను తోడైనదని మీరు చెప్పగలిగినచో మంచి మెకానిక్ కార్బొరేటరు జోలికి పోక తిన్నగా ఆ గొట్టము వద్దకే పోవును.