ఎంతసేపైంది? ఇంకెంతసేపు?

పంచాంగం లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. పొద్దు పొడిచి ఇన్ని ఘడియలు, ఇన్ని విఘడియలు అయింది అంటాం. ఘడియంటే 24 నిమిషాలు, రోజుకు అరవై ఘడియలు. ఇదే లెక్కతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళితే, నాలుగు ఘడియలు తిరగకముందే మళ్లీ పొద్దు పొడుస్తుంది. ఆ కేంద్రం 92 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది మరి! ఇక్కడ ఒక రోజు గడిచేలోగా అక్కడ దాదాపు పదహారు సూర్యోదయాలు. అందుకే అక్కడివాళ్లు, ఏ దేశస్థులైనా సరే, యూటీసీ అనే ఒకే ప్రామాణిక కాలాన్ని పాటిస్తారు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది.

అయితే వ్యోమగామికి టైమెంత అని తెలిస్తే చాలదు. బయల్దేరి ఎంతసేపైంది, తర్వాతి పనికి ఇంకెంతసేపుంది అన్నవి తెలియాలి. శ్రీహరికోట ప్రయోగాలను టీవీలో చూసేవారికి ఇది కొత్తేమీ కాదు. కౌంట్‌డౌన్ సున్నాకు చేరి ఆగిపోదు, అక్కణ్నుంచి ముందుకు లెక్క మొదలవుతుంది. రాకెట్టు లేచిన క్షణమే ఆ ప్రయాణానికి సూర్యోదయం అన్నమాట.

ఈ అవసరాన్ని అనుభవంతో ఎరిగినవారు ఫ్రాన్స్ వ్యోమగామి జాన్ ఫ్రాన్స్వా క్లెర్వా. 1994, 1997, 1999లో మూడుసార్లు స్పేస్ షటిల్‌లో వెళ్లొచ్చారు. జరిగిపోయిన ఘటన నుంచి ఎంత కాలం గడిచిందో, జరగబోయేదానికి ఎంత మిగిలిందో మణికట్టు మీదే సెకన్లతో సహా చూపే పద్ధతిని ఆయన రూపొందించారు. యూరప్ అంతరిక్ష సంస్థ పేటెంట్ చేసిన ఆ ఆలోచనతోనే ఒమేగా కంపెనీ 2014లో స్పీడ్‌మాస్టర్ స్కైవాకర్ ఎక్స్-33 వాచీని తెచ్చింది. టైటానియం ఒళ్లు, గంటలూ నిమిషాలూ చూపే ముళ్లు, వాటి వెనక నల్లని తెర మీద తెల్లని అంకెలు. ఒకేసారి మూడు కాలమండలాల సమయాలు దాచుకోగలదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది దాని గుండెకాయ. క్వార్ట్జ్ వాచీలో చిన్న శ్రుతిదండం లాంటి స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అదే సెకను. చిక్కల్లా వేడితో, చలితో. 25 డిగ్రీల దగ్గర స్ఫటికం బుద్ధిగా ఉంటుంది. వేడెక్కినా, చల్లబడినా మందగిస్తుంది. పది డిగ్రీల తేడా వస్తే రోజుకు దాదాపు 0.3 సెకను వెనకబడుతుంది. తేడా రెట్టింపైతే తప్పు నాలుగింతలు. స్కైవాకర్‌ను మైనస్ 45 నుంచి 75 డిగ్రీల దాకా పరీక్షించారు. మైనస్ 45లో మామూలు స్ఫటికం రోజుకు 14 సెకన్లకు పైగా పోగొట్టుకుంటుంది. అందుకే ఇందులోని చిప్ ఉష్ణోగ్రతను కొలుచుకుంటూ, స్ఫటికం చేసే తప్పు ఎంతో ముందే తెలుసు కాబట్టి, లెక్కను దిద్దుకుంటూ పోతుంది. తప్పు చేయని స్ఫటికం కోసం వెతక్కుండా, దాని తప్పును కచ్చితంగా తెలుసుకోవడమే ఇక్కడి తెలివి.

అలారానిదీ చెప్పుకోదగ్గ సంగతే. అంతరిక్ష కేంద్రంలో గాలి ఆడించే ఫ్యాన్ల హోరు ఎప్పుడూ ఉంటుంది. మామూలు వాచీ కీచుమన్నా వినపడదు. అందుకని ఎక్స్-33 వాచీలకు రెండు పొరల వెనకమూత పెట్టారు. మధ్యలోని ఖాళీ వీణ బుర్రలా శబ్దాన్ని పెంచుతుంది.

ఇన్ని చేసినా ఈ వాచీ కేంద్రం లోపలి పనులకే. అంకెలు చూపే ద్రవ స్ఫటికాలు గడ్డుచలిలో చిక్కబడి కదలవు. మరీ వేడిలో వట్టి ద్రవమైపోతాయి, తెర పనిచేయదు. బయట ఎండలో 120 డిగ్రీలు, నీడలో మైనస్ 150. అక్కడ స్పేస్‌సూట్ మీద కట్టుకోవడానికి నమ్మకమైనది చేత్తో కీ ఇచ్చే పాత స్పీడ్‌మాస్టరే. నాసా దాన్ని 1965 మార్చిలో పరీక్షల్లో నెగ్గిన వాచీగా ఎంచుకుంది. 1969లో చంద్రుడి మీద దిగాక, ల్యాండర్‌లోని ఎలక్ట్రానిక్ టైమర్ మొరాయించింది. ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని దానికి బదులుగా లోపలే ఉంచి కిందికి దిగారు. చంద్రుడి నేల మీద నడిచిన తొలి వాచీ ఆల్డ్రిన్ చేతిది.