ఆక్సిటోసిన్

ఆక్సిటోసిన్ ప్రసవ సమయంలో గర్భాశయ కండరాలను సంకోచింపజేసే ముఖ్యమైన హార్మోను. ఇది మెదడులోని హైపోథలామస్‌లో తయారై, పీయూష గ్రంథి పృష్ఠ భాగం నుండి రక్తంలోకి విడుదలవుతుంది. దీని అణువులో 9 అమినో ఆమ్లాలు ఉంటాయి.

చరిత్ర

పీయూష గ్రంథి సారానికి గర్భాశయాన్ని సంకోచింపజేసే గుణం ఉన్నదని 1906లో హెన్రీ డేల్ గుర్తించాడు. 1953లో విన్సెంట్ డు విన్యో ఈ హార్మోనును ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేశాడు. ఇందుకుగాను ఆయనకు 1955లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

గర్భధారణ కాలంలో

నెలలు నిండేవరకు గర్భాశయ కండరాలను ప్రొజెస్టిరాన్ అనే హార్మోను శాంతంగా ఉంచుతుంది. నెలలు నిండిన తరువాత దీని ప్రభావం తగ్గి, ఈస్ట్రోజెన్ ప్రభావం హెచ్చుతుంది. అప్పుడు కండర కణాలపై ఆక్సిటోసిన్ గ్రాహకాలు ఎక్కువవుతాయి. కణాల మధ్య సంధులు ఏర్పడి, అవన్నీ ఒక్కసారిగా సంకోచించగలుగుతాయి. ప్రోస్టాగ్లాండిన్లు గర్భాశయ ముఖద్వారాన్ని మెత్తబరచి, సంకోచాలకు కూడా తోడ్పడతాయి.

పనిచేయు విధానము

ఆక్సిటోసిన్ గ్రాహకానికి అతుక్కొనగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. దానివలన ఆక్టిన్, మయోసిన్ తంతువులు ఒకదానిపై ఒకటి జారి కండరం సంకోచిస్తుంది. కాల్షియం తగ్గగానే కండరం సడలుతుంది. నొప్పులు విడతలు విడతలుగా రావడం అందువల్లనే. శిశువు తల ముఖద్వారాన్ని నొక్కినపుడు ఆ సమాచారం నాడుల ద్వారా మెదడుకు చేరి, మరింత ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. సంకోచం బలపడితే ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే హార్మోను పెరుగుతుంది. బిడ్డ పుట్టడంతో ఈ చక్రం ఆగిపోతుంది. దీనిని ఫెర్గూసన్ ప్రతిచర్య అంటారు.

ప్రసవానంతరం

మాయ ఊడిన చోట తెరుచుకొని ఉన్న రక్తనాళాలను గర్భాశయ కండరాలే బిగించి మూసివేస్తాయి. కండరాలు బిగియకపోతే తీవ్ర రక్తస్రావమై తల్లి ప్రాణానికే ముప్పు కలుగుతుంది. అందుకే బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. బిడ్డ చనుబాలు కుడిచినపుడు కూడా ఈ హార్మోను సహజంగా విడుదలై, పాలు చేపునకు రావడానికి, గర్భాశయం ముడుచుకొనడానికి తోడ్పడుతుంది.

జాగ్రత్తలు

ప్రసవం త్వరగా కావాలని వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఈ ఇంజెక్షను ఇవ్వడం అపాయకరం. సంకోచాల మధ్య విరామం లేకపోతే శిశువుకు ప్రాణవాయువు చాలదు. గర్భాశయం చిట్లే ప్రమాదమూ ఉన్నది. ఈ మందును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో భద్రపరచాలి. వేడికి దీని శక్తి క్షీణిస్తుంది.