కొబ్బరిలో ఏ రకము? ఇంటికి, అమ్మకానికి తగిన ఎంపిక

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి ఉద్దానములోని కొబ్బరి తోటలు కూలిపోయినవి. తాతలు నాటిన చెట్లు ఒక్క పూటలో పోయినవి. పోయిన చెట్టు చోట మరల నాటునప్పుడు రైతు తీసుకొను నిర్ణయము ఒక పంటకు కాదు, రెండు తరములకు. కనుక నౌపడ మొదలు ఉద్దానము వరకు గల ఇసుక నేలల రైతులు రకముల గుణములను ముందుగా తెలిసికొనవలెను.

పొడవు రకము: మన దేశవాళీ తూర్పు కోస్తా పొడవు రకము ఆరు నుండి ఎనిమిదేండ్లకు కాపునకు వచ్చును. అరువది ఏండ్లకు పైగా బ్రతుకును. వర్షాధారపు ఇసుక నేలలలో, నీటి ఎద్దడిలో మిగిలిన రకములకంటె మెరుగుగా నిలుచును. కొబ్బరి దళసరిగా ఉండి కురిడీకి, నూనెకు, పీచుకు అన్నిటికి పనికివచ్చును. అమ్మకపు తోటకు ఇదియే ఆధారము.

పొట్టి రకములు: గంగబొండం, దానినుండి ఎంపిక చేసిన గౌతమి గంగ, చౌఘాట్ ఆరంజ్ ఈ జాతివి. మూడు నాలుగేండ్లకే గెల వేయును. నీరు తీయగా ఉండుటచే బొండములకు శ్రేష్ఠము. కొబ్బరి మెత్తన, కురిడీకి తగదు. ఎరువు, నీరు లోపించిన చోట కాపు తగ్గును. సర్పిలాకార తెల్లదోమ కూడ వీనిపై ఎక్కువ. పెరటిలో బావి దగ్గర రెండు చెట్లున్నచో ఇంటిల్లిపాదికి బొండములకు కొదువ ఉండదు.

సంకర రకములు: పొడవు, పొట్టి చెట్లను సంకరపరచుట 1932లో నీలేశ్వరములో ఆరంభమైనది. మన రాష్ట్రములో అంబాజీపేట పరిశోధనా స్థానమువారు తూర్పు కోస్తా పొడవు రకమును గంగబొండంతో కలిపి గోదావరి గంగను రూపొందించిరి. ఇది నాలుగైదేండ్లకు కాపునకు వచ్చి, సాగునీరు, ఎరువు సమృద్ధిగా ఉన్నచో పొడవు రకముకంటె అధికముగా కాయును. అవి లేనిచోట నాటిన పెట్టుబడి దండుగ. ఒక ముఖ్య విషయము: సంకర చెట్టు కాయను విత్తనముగా వాడరాదు. దాని సంతానము తల్లిని పోలదు.

ఎకరమునకు ఎట్లు నాటవలెను? 25 అడుగుల ఎడమున ఎకరమునకు సుమారు 70 మొక్కలు పట్టును. యాభై పొడవు రకము, నీరందు వైపున పదిహేను సంకర రకము, ఇంటికి, బొండముల అమ్మకానికి అయిదు పొట్టి రకము నాటిన, పొడవు చెట్లు కాపునకు వచ్చులోగా మిగిలినవి కొంత ఆదాయమిచ్చును. ఏ తుపానుకు చెక్కుచెదరని రకమంటూ లేదు. తోటలో వివిధ ప్రాయముల చెట్లు ఉంచుటయే రక్షణ. ఉప్పు మడుల చేరువ పల్లపు భూములలో, ఉప్పునీరు నిలుచు చోట ఏ రకమూ వృద్ధిచెందదు. నీరు దిగిపోవు మెరక చూచి నాటవలెను.

నారు ఎంపిక: పొడవు రకములో పరాగము చెట్టునుండి చెట్టుకు పోవును గనుక తల్లి చెట్టు గుణము ముఖ్యము. ఇరువది ఏండ్లు దాటి, ఏటేటా ఎనబదికి తగ్గకుండ కాయుచు, ముప్పదికి పైగా మట్టలున్న చెట్టునుండి బాగుగా ముదిరిన కాయలను విత్తనమునకు తీయవలెను. పెంటకుప్ప ప్రక్కన ఏపుగా పెరిగిన చెట్టును చూచి మోసపోరాదు. ఆ కాపు ఎరువుదే గాని జాతిది కాదు. త్వరగా మొలచినవి, తొమ్మిది నుండి పన్నెండు నెలల ప్రాయమువి, ఆరు ఆకులకు తగ్గనివి, మొదలు చుట్టుకొలత నాలుగు అంగుళములున్నవి, ఆకులు త్వరగా చీలినవి మంచి మొక్కలు.

బండిపై తెచ్చి సంకరమని చెప్పి అమ్ము మొక్కను చూచినంతనే గుర్తించుట రైతుకు కష్టము. మోసము తెలియునప్పటికి అయిదారేండ్లు గడచిపోవును. అందుచే పరిశోధనా స్థానము లేదా ఉద్యానశాఖ గుర్తించిన నర్సరీ నుండియే కొని, రకము పేరు వ్రాసిన రసీదు తీసికొని భద్రపరచవలెను. గ్రామ ఉద్యాన సహాయకులు ఊరిలోని మంచి తల్లి చెట్లను గుర్తించి పట్టిక వ్రాసి ఉంచినచో, మరల తుపాను వచ్చినను విత్తనమునకు ఎవరినీ వెదకనక్కరలేదు.