బొమ్మ ఇటుకల క్రేన్ నేర్పే తూకం

2023 జూన్ 2వ తేదీ సాయంకాలం ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ స్టేషన్ వద్ద మూడు రైళ్లు ప్రమాదానికి గురయ్యాయి. 290 మందికి పైగా మరణించారు. ఆ స్టేషన్ ఆగ్నేయ రైల్వేలోని ఖరగ్‌పూర్ డివిజన్‌కు చెందినది. క్షతగాత్రులను తరలించిన పిమ్మట, చిందరవందరగా పడివున్న పెట్టెలను తొలగించి దారి సుగమం చేసే భారం క్రేన్లపై పడింది. దాదాపు 40 టన్నుల బరువుండే పెట్టెను ఎత్తి, పక్కకు తిప్పి, నెమ్మదిగా దించాలి. ఆ సమయంలో క్రేన్ తానే ఒరిగిపోతే ఒక ప్రమాదంపై మరొక ప్రమాదం సంభవిస్తుంది.

ఖరగ్‌పూర్ రైలు కోసం పుట్టి, రైలుతో పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ నెలకొల్పిన వర్క్‌షాపు దేశంలోని పెద్ద రైల్వే వర్క్‌షాపులలో ఒకటి. రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఈ పట్టణంలో స్థిరపడి ఉన్నాయి. ఇక్కడి ఝపటాపూర్ వంటి పేటలో పెరిగే పిల్లవాడు, బొమ్మ ఇటుకలతో నిజంగా పనిచేసే క్రేన్ ఒకటి కట్టాలని పూనుకొంటే అది కేవలం కాలక్షేపం కాదు. రైల్వే ఇంజనీరు ఎదుర్కొనే చిక్కులే చిన్న రూపంలో అతని ముందు నిలుస్తాయి.

బొమ్మల పుట్టుక

ఇంగ్లండులోని లివర్‌పూల్ వాసి ఫ్రాంక్ హార్న్‌బీ తన కుమారుల కోసం లోహపు రేకులతో వంతెనలు, క్రేన్లు తయారుచేసేవాడు. ఒక్కొక్క బొమ్మకు వేర్వేరు భాగాలు కత్తిరించుకోవడం కంటే, సమాన దూరాలలో రంధ్రాలున్న పట్టీలను ఏ బొమ్మకైనా బిగించుకోవచ్చునని ఆయనకు తోచింది. 1901లో పేటెంటు పొందిన ఆ సాధనమే తరువాత ‘మెకానో’గా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో రూపుదిద్దుకొన్న లెగో ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు దాఖలైంది. 1977లో గేర్లు, ఇరుసులు, రంధ్రాల ఇటుకలు గల టెక్నిక్ శ్రేణి వచ్చిన తరువాత ఇటుకల బొమ్మ కదలడం, ఎత్తడం నేర్చుకొంది. 2023లో ఆ సంస్థ విడుదల చేసిన లీభెర్ క్రేన్ నమూనాలో 2,883 భాగాలు, ఆరు మోటార్లు ఉన్నాయి. దాని ఎత్తు దాదాపు ఒక మీటరు.

చెయ్యి చాచితే

క్రేన్ రహస్యమంతా పెరటిలోని ఏతాములోనే ఉంది. బరువు ఎంత అన్నదొక్కటే చాలదు. అది ఎంత దూరాన వ్రేలాడుతున్నది అన్నదీ లెక్కకు రావాలి. ఒరిగే అంచు నుండి 80 సెంటీమీటర్ల దూరంలో 200 గ్రాముల బరువు వ్రేలాడితే దాని ప్రభావం 16,000. వెనుక 16 సెంటీమీటర్ల దూరంలో దానిని సరితూచాలంటే 1,000 గ్రాముల ప్రతిభారం కావాలి. అయితే క్రేన్ చేతికి కూడా బరువు ఉంది. అది 300 గ్రాములై, దాని గురుత్వకేంద్రం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే మరొక 12,000 చేరుతుంది. క్రేన్ శరీరపు బరువును పక్కన పెడితే, ప్రతిభారం 1,750 గ్రాములకు పెరుగుతుంది. తొలిసారి కట్టేవారు మరచిపోయేది సరిగా ఈ చేతి బరువునే.

ప్రతిభారాన్ని ఇష్టం వచ్చినంత పెంచడమూ ప్రమాదమే. కొక్కెం నుండి బరువు జారిపోయిన క్షణంలో క్రేన్ వెనుకకు పడిపోగలదు. బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపు తయారుచేసే 140 టన్నుల క్రేన్లకూ ఇదే ధర్మం. ఆ సంఖ్య చెయ్యి దగ్గరగా ఉన్నప్పటి మాట. చెయ్యి దూరం చాచేకొద్దీ ఎత్తదగిన బరువు తగ్గిపోతుంది.

త్రిభుజ బలం

ఒకదానిపై ఒకటి పేర్చిన ఇటుకలు నొక్కుడును బాగా తట్టుకొంటాయి. లాగినప్పుడు మాత్రం తేలికగా ఊడివస్తాయి. అందువల్ల నిలువు పట్టీలతో వాటిని బంధించాలి. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు. రెండు రంధ్రాల ఇటుకల నడుమ రెండు పలకలు ఉంచితే రంధ్రాల ఎడం 16 మిల్లీమీటర్లు అవుతుంది. అడ్డంగా రెండు బొడిపెల దూరం కూడా అంతే. కనుక నిలువు పట్టీ చక్కగా అమరుతుంది. ఇక నాలుగు పట్టీల చతురస్రం నొక్కితే వాలిపోతుంది; మూడు పట్టీల త్రిభుజం వాలదు. రైలు వంతెనలోనూ, క్రేన్ చేతిలోనూ త్రిభుజాలు కనిపించడానికి కారణం ఇదే.

ఎత్తిన బరువు జారిపోకుండా వార్మ్ గేరు తోడ్పడుతుంది. అది 24 చుట్లు తిరిగితే 24 పళ్ల చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం మాత్రం దానిని వెనుకకు తిప్పలేదు. కప్పీల మీదుగా దారాన్ని నాలుగు వరుసలుగా నడిపితే, రాపిడిని లెక్కించనప్పుడు, నాలుగోవంతు బలం చాలును. బరువు లేచే వేగమూ నాలుగోవంతే.

పరిమాణం పెరిగితే

చిన్న క్రేన్‌ను అన్ని కొలతలలోనూ రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలవుతుంది. భారాన్ని మోసే అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే పెరుగుతుంది. అంటే ప్రతి భాగం పైన ఒత్తిడి రెట్టింపు. అరచేతిలో ఇమిడే బొమ్మ నిటారుగా నిలిచిన చోట, మీటరెత్తు బొమ్మ తన బరువుకే వంగిపోవడంలో ఆశ్చర్యం లేదు. పెద్ద నమూనా నిర్మించేవారు చేతిని బోలుగా, లోపల త్రిభుజాలతో, పై నుండి దారపు ఊతంతో నిర్మించడం అందుకే.

పరీక్షకు నిలిచేది

కట్టడం ముగిసిన తరువాతే అసలు పరీక్ష. కొక్కేనికి కొద్దికొద్దిగా బరువు చేర్చుతూ, ప్రతిసారీ చెయ్యి ఎంత వంగిందో, వెనుక చక్రం లేచిందేమో చూడాలి. పరీక్ష ఎంతటి గంభీరమైన పనియో తెలుగునేల ఎరుగును. 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో 70 టన్నుల క్రేన్ భార పరీక్ష సమయంలో కూలి 11 మంది ప్రాణాలు కోల్పోయారు.

బొమ్మ క్రేన్ కూలితే ఇటుకలు ఏరుకొని, తప్పు ఎక్కడున్నదో చూసి, తిరిగి కట్టుకోవచ్చు. నిజమైన క్రేన్ ఆ అవకాశం ఇవ్వదు. పదిసార్లు కూల్చి పదకొండోసారి నిలబెట్టిన పిల్లవాడు, రేపు ఏ వర్క్‌షాపులోనో నిజమైన క్రేన్ మీట పట్టుకొన్నప్పుడు, బరువు అంకెకు ముందుగా దాని దూరాన్ని అడుగుతాడు.