జయంతులున్న పాట, పుట్టిన తేదీ లేని పలక

సంగీత చరిత్రను మనకు తేదీలతో చెబుతుంటారు. ఘంటసాల 1922 డిసెంబర్ 4న పుట్టారు గనక 2022లో శతజయంతి జరిగింది. అన్నమయ్యకు ఏటా జయంతి, వర్ధంతి రెండూ జరుగుతాయి. ఈ తేదీలు తప్పని మేం అనడం లేదు. తేదీ ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు, దక్కనివాళ్లు అందువల్ల ఏం పోగొట్టుకుంటున్నారు అన్నదే మా ప్రశ్న. దాన్ని రామకుప్పం వైపు నుంచి అడుగుతున్నాం.

రామకుప్పం చిత్తూరు జిల్లా కొసన, కుప్పం పక్కనున్న మండలం. ఒక దిక్కు తమిళనాడు, ఒక దిక్కు కర్ణాటక. మిగతా చోట్ల డప్పు అనేదాన్ని ఈ పక్క పలక అంటారు. సరిహద్దు దాటితే దాని చుట్టం పరై. గంగమ్మ జాతరకు పలక కావాలి, శవం లేస్తే పలక కావాలి. అది కళగా కాదు, మాల మాదిగ వాడల మీద పడ్డ వెట్టిగా వచ్చింది. అందుకే పలక మోత అందరికీ తెలుసు, కొట్టినవాడి పేరు ఏ కాగితం మీదా లేదు.

తేదీ దానంతటది మిగలదు. అన్నమయ్య 1503లో కన్నుమూసిన తిథి మనకు తెలుసంటే కారణం, తాళ్లపాక వాళ్లు దాన్ని రాగిరేకు మీద చెక్కించడం. రాగి, చెక్కేవాడు, దాచడానికి గుళ్లో ఒక అర, ఈ మూడూ ఉన్న ఇంటికి వర్ధంతి ఉంది. అదే సీమలో ఆ కాలాన పలక కొట్టినవాళ్లకు అక్షరమే నిషిద్ధం. వాళ్ల వర్ధంతి ఎవరు రాస్తారు?

మన కాలానికి వచ్చినా తేదీల వెనక కథలున్నాయి. ఇళయరాజా 1943 జూన్ 3న పన్నైపురంలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. ఆ గుర్తింపుతో తన సంగీతాన్ని చూడటం ఆయనకు ఇష్టం లేదు, అది ఆయన హక్కు. జూన్ 3 కరుణానిధి పుట్టినరోజు కూడా. అందుకని ఇళయరాజా తన పుట్టినరోజును జూన్ 2న జరుపుకుంటూ వస్తున్నారు. తేదీ అంటే లెక్క మాత్రమే కాదు, మర్యాదలూ పెద్దరికాలూ దాన్ని జరుపుతాయని దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే జరపడానికైనా ముందు తేదీ ఉండాలి కదా!

గద్దర్ సంగతి మరోలా ఉంది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు 2023 ఆగస్టు 6న పోయినప్పుడు పత్రికలు వయసు ఒక్కటిగా రాయలేకపోయాయి. 74 అని కొన్ని, 77 అని కొన్ని. ఇప్పుడు జనవరి 31న జయంతి చేస్తున్నారు. 2024లో అదే రోజున తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు ప్రకటించింది. ఆయన పోయిన ఆగస్టు 6 మాత్రం దళితులకు అంతకుముందే తెలిసిన తేదీ. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపిన రోజది. కారంచేడు మీద పాట కట్టిన గాయకుడి వర్ధంతీ, చుండూరు వర్ధంతీ ఒకే రోజున వస్తున్నాయి. ఒకదాన్ని జరిపి రెండోదాన్ని మరిస్తే పాట మిగిలి, పాటకు కారణం పోతుంది.

మన జాతికి సొంత తేదీలు లేవని కాదు. 1994 జూలై 7న ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. ఉద్యమం పేరే డప్పు మోత. ఏప్రిల్ 14న వాడవాడలా మోగే పలక ఎవరి ఆజ్ఞ మీదా మోగదు. వెట్టికి కొట్టిన చేయి తన ఇష్టానికి కొట్టడం మొదలుపెట్టిన చరిత్ర ఈ తేదీల్లో ఉంది.

ఇక అసలు చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. దానికి 50 ఏళ్లు నిండి ఉండాలి. వయసుకు సాక్ష్యం ఆధార్ కార్డు. బడికి పోయినవాడికి అయివారు తోచినట్టు వేసిన జూలై 1 ఉంటుంది. బడి మొహం చూడనివాడికి కార్డు తీసేటప్పుడు ఎదుటివాడు అంచనాగా కొట్టిన సంవత్సరం ఉంటుంది. ఐదారేళ్లు తక్కువ పడితే, పలక మోసి భుజం అరిగినవాడు కూడా కుర్రవాడి కిందే లెక్క. రాగిరేకు లేని ఇంటికి ఐదొందల ఏళ్ల తర్వాత కూడా జరిగే నష్టం ఇది.

దీనికి మేం చెప్పే పని చిన్నది. పలక పెద్దల్ని తేదీ అడగొద్దు, గుర్తు అడగాలి. 1983లో రామారావు మొదటిసారి ముఖ్యమంత్రి అయినప్పుడు నీకు పెళ్లయిందా? 1984లో ఇందిరమ్మ చనిపోయినప్పుడు ఎంత బిడ్డవి? ఏ జాతరకు మొదట పలక పట్టినావు, ఎవరి దగ్గర నేర్చినావు? 1983కే బిడ్డ తండ్రయినవాడికి 50 నిండలేదని కార్డు అంటే, తప్పు కార్డుది. జవాబులన్నీ పేరుతో సహా రాసి పెట్టాలి. రాసింది చూపిస్తే ఆఫీసులో మాట్లాడ్డానికి ఒక ఆధారం ఉంటుంది. పోయినవాళ్ల తేదీ కూడా ఆరోజే రాయాలి.

కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, ఆ పని అక్కడా జరగాలి. అంతవరకూ ఆగనక్కర్లేదు. రామకుప్పం వాడల్లో డిగ్రీ చదివిన పిల్లలున్నారు. ఒక నోటుబుక్కు తీసుకుని సొంత తాత దగ్గర్నుంచి మొదలుపెట్టవచ్చు.