తోటలోని చెక్కగది – దాని నలుగురు శత్రువులు



మీ బడిలో తోట ఉందా? ఉంటే పారలు, గునపాలు, నీళ్ల డబ్బాలు, విత్తనాల పొట్లాలు దాచుకోవడానికి ఓ మూల చిన్న గది కూడా ఉండే ఉంటుంది. మా బడి తోటలో అలాంటి గది ఒకటుంది. గోడలు చెక్కవి, పైకప్పు రేకులది. ఈ నెల మీకు ఆ గది కథ చెబుతాను. అందులో తప్పు చేసింది పిల్లలు కాదు, సైన్సు మాస్టారినైన నేనే!

2015 జులైలో వడ్రంగి ఆ గది కట్టాడు. ఆగస్టు 15 నాటికి దానికి పచ్చరంగు వేయించి, జెండా పండుగకు వచ్చిన వారందరికీ చూపించాలని నా ఉబలాటం. కాని వారం రోజులు ముసురు పట్టింది. పన్నెండో తేదీన ఎండ కాసింది. వెంటనే రంగు డబ్బా మూత తీసి పిల్లలకు బ్రష్షులు పంచాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె గోడకు అరచెయ్యి ఆనించి, "మాస్టారూ, చెక్క ఇంకా చల్లగా ఉందండీ" అంది. "ఎండ కాస్తోందిగా, ఫరవాలేదు, కానివ్వండి" అన్నాను.

పండుగనాడు గది నిగనిగలాడింది. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఉగాది నాటికి రంగు అక్కడక్కడా అప్పడంలా పొంగింది. 2017లో వానలు వెనకబట్టాక, అప్పటికి పదో తరగతికి వచ్చిన అదే అమ్మాయి అడుగు పలకను బొటనవేలితో నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది! పైన రంగు ఉంది. లోపల చెక్క చివికి, నానిన అటుకుల్లా ఉంది.

"రంగు వేస్తే చెక్క పాడవదన్నారు కదండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

చెక్క అంటే ఏమిటి?

గడ్డిపరకలను ఒక కట్టగా కట్టి, మధ్యమధ్య జిగురు పోశారనుకోండి. చెక్క నిర్మాణం దాదాపు అలాగే ఉంటుంది. చెట్టు బతికి ఉన్నప్పుడు నీటిని పైకి చేరవేసిన సన్నని గొట్టాలే ఆ పరకలు. వాటి గోడల్లో ముఖ్యమైనది సెల్యులోజ్ అనే పదార్థం. వాటిని అంటించి, గట్టిదనం ఇచ్చే జిగురు పేరు లిగ్నిన్.

మాను మధ్యలో ముదురు రంగులో ఉండే భాగాన్ని చేవ అంటాం. అందులో చెట్టు దాచుకున్న రసాయనాలు ఉంటాయి. టేకు చేవను చెదలు సులభంగా తినలేకపోవడానికి ఇవే కారణం. చేవ చుట్టూ ఉండే లేత రంగు చెక్కకు ఆ రక్షణ లేదు. గట్టి మనిషిని "చేవగలవాడు" అనడం ఊరికే రాలేదు సుమా!

మొదటి శత్రువు: నీరు

చెట్టును నరికినా గొట్టాలు మాయం కావు. వాన పడితే చెక్క నీటిని పీలుస్తుంది, ఎండ కాస్తే వదులుతుంది. నీరు పీల్చినప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. వానాకాలంలో ఇంటి తలుపులు బిగుసుకోవడం మీరు చూసే ఉంటారు. అయితే చెక్క పొడవులో మార్పు దాదాపు ఉండదు. మార్పంతా వెడల్పులోనే. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న పలక వేసవికీ వానాకాలానికీ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగి తగ్గవచ్చు. పలకతోపాటు సాగలేని రంగు పొర పగులుతుంది. ఆ పగుళ్ల గుండా మళ్లీ నీరు లోపలికి వెళుతుంది.

అన్నిటికంటే ఎక్కువ నీరు పీల్చేది పలకను అడ్డంగా కోసిన చోటు. గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉండేది అక్కడే కదా! మేము పలకల ముఖాలకు రెండేసి పూతలు పూశాం కాని, నేలకు తగిలే అడుగు అంచులను చూడనే లేదు.

ఇక ఆ అమ్మాయి చెప్పిన చల్లదనం సంగతి. కుండలోని నీరు ఎందుకు చల్లబడుతుందో మీరు చదువుకున్నారు. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. పక్కనున్న వస్తువుల కంటే చెక్క చల్లగా ఉందంటే, ఇంకా దానిలోంచి నీరు బయటికి పోతున్నదని అర్థం. పోతున్న నీటి దారికి నేను రంగుతో మూత వేశాను! ఎండకు పలక వేడెక్కినప్పుడల్లా లోపలి ఆవిరి ఆ పొరను పైకి తోసింది. అప్పడాల రహస్యం అదే.

రెండో శత్రువు: శిలీంధ్రం

నీరు చెక్కను ఉబ్బిస్తుందే కాని, నీరొక్కటే దానిని చివికించదు. చివికించేవి శిలీంధ్రాలు. బూజు, పుట్టగొడుగుల జాతివి. వాటి బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. చెక్కలో తేమ 20 శాతానికి లోపల ఉన్నంతకాలం అవి ఏమీ చేయలేవు. తేమ 30 శాతానికి చేరితే వాటికి పండుగే. సన్నని పోగులు సాచి, సెల్యులోజ్‌ను కరిగించే రసాలను వదిలి, దానిని ఆహారంగా పీల్చుకుంటాయి.

తేమ శాతాన్ని లెక్కించడం మీకూ చేతనవుతుంది. మా గది అడుగు పలకలో ఇంకా గట్టిగా ఉన్న చోట ఒక ముక్క కోసి తూచాం. 52 గ్రాములు ఉంది. దానిని దగ్గరలోని డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో 103 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టించాం. 40 గ్రాములకు వచ్చింది. పోయిన నీరు 12 గ్రాములు. 12ను 40తో భాగించి 100తో గుణించండి. సరిగ్గా 30 శాతం! పైన రంగు పొర నిగనిగలాడుతున్నా, కింద శిలీంధ్రాలకు విందు భోజనం వడ్డించి పెట్టామన్నమాట.

మూడో శత్రువు: చెదలు

చెదపురుగును చాలామంది తెల్లచీమ అంటారు. నిజానికి అది చీమ కాదు, బొద్దింకకు దగ్గరి చుట్టం. దాని చర్మం పలచన. ఎండ తగిలితే ఎండిపోతుంది. అందుకే మట్టితో సొరంగం కట్టుకుని, ఆ చీకటిలో, ఆ తేమలో ప్రయాణం చేస్తుంది. గోడమీద మట్టిగీతలు కనిపిస్తే చెదల బాట పడిందని తెలుసుకోవాలి.

సెల్యులోజ్‌ను అరిగించుకోవడం దానికి ఒంటరిగా కష్టం. కొన్ని చెదల పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు ఆ పనిలో సాయపడతాయి. మన పొలాల్లో పుట్టలు కట్టే కొన్ని రకాలు మరీ గడుసువి. అవి పుట్టలో శిలీంధ్రాన్ని పంటలా పెంచి, దాని చేత చెక్కను మెత్తబరిపించుకుని తింటాయి! నేలలోంచి వచ్చే చెదలకు గోడ మీది రంగు అడ్డు కాదు. పలక నేలను తాకుతుంటే అవి అడుగు నుంచే ఎక్కిపోతాయి.

నాలుగో శత్రువు: ఎండ

ఎండలోని అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్ జిగురును విరగ్గొడతాయి. విరిగిన జిగురును వాన కడిగేస్తుంది. రంగు వేయని పాత చెక్క బూడిద రంగుకు తిరిగి, పీచుపీచుగా కనిపించడానికి కారణం ఇదే. రంగులోని వర్ణద్రవ్యపు రేణువులు ఈ కిరణాలకు గొడుగులా అడ్డుపడతాయి. రంగులేని వార్నిష్ గుండా చాలా కిరణాలు దూసుకుపోతాయి. అందుకే ఆరుబయట వార్నిష్ త్వరగా పెచ్చులూడుతుంది.

ఆరడం అంటే ఎండిపోవడమేనా?

రంగులో ముఖ్యంగా మూడు ఉంటాయి. రంగునిచ్చే పొడి, ఆ పొడిని చెక్కకు పట్టి ఉంచే బంధకం, రెండింటినీ పలచన చేసే ద్రావకం. పాతకాలం నుంచి వాడుతున్న బంధకం అవిసె నూనె.

తడిబట్ట ఆరినట్టు అవిసె నూనె ఆరదు. అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటుంది. నూనె అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలిపి వలలా అల్లుకుంటాయి. అదే గట్టి పొర అవుతుంది. కనుక ఆరే మొదటి రోజుల్లో దాని బరువు తగ్గకపోగా పెరుగుతుంది! కొబ్బరినూనెకు ఈ గుణం లేదు. వేరుశనగ నూనె కూడా ఇలా గట్టిపొర కట్టదు.

ఒక హెచ్చరిక. ఈ చర్యలో వేడి పుడుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే, ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి.

స్వీడన్ ఎర్రరంగు

చలి, మంచు, వాన ఉన్న స్వీడన్ దేశంలో చెక్క ఇళ్లు, తోట గదులు ఎన్నో ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఎరుపు ఫాలున్ అనే ఊరి రాగి గని నుంచి వచ్చింది. వందల ఏళ్లు తవ్విన ఆ గని 1992లో మూతపడింది. 2001లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గని దగ్గర పోగుపడిన మట్టిలోని ఇనుప ఆక్సైడే ఆ రంగు. నీళ్లలో పిండి కలిపి గంజిలా ఉడికించి, అందులో ఆ పొడి, కొంచెం అన్నభేది, అవిసె నూనె కలుపుతారు.

ఈ పూత చెక్కకు మూత వేయదు. లోపలి తేమను ఆవిరిగా పోనిస్తుంది. కనుక అప్పడంలా పొంగదు. ఏళ్లు గడిచాక పొడిపొడిగా రాలుతుంది. బ్రష్షుతో దులిపి మళ్లీ పూస్తే సరి. మన పల్లెల్లో అరుగులకు పూసే జాజులోని ఎరుపు కూడా ఇనుప ఆక్సైడే. ఎండకు వెలవని రంగు అది.

కామేశం కనిపెట్టిన మందు

చెక్కను పైపైన కాక, లోపలి నుంచే కాపాడలేమా? డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో దీనికి ఒక మార్గం కనిపెట్టాడు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్‌ల లవణాలను కలిపి చెక్కలోకి ఎక్కించాడు. రాగి శిలీంధ్రాలను, ఆర్సెనిక్ పురుగులను అడ్డుకుంటాయి. క్రోమియం ఆ రెండింటినీ చెక్క పోగులకు అతికి ఉండేలా చేస్తుంది. ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించి, లక్షలాది స్తంభాలకు ఆయుష్షు పోసింది.

అయితే ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆడుకునే చోట, చేతులు తగిలే చోట అది మంచిది కాదని తరువాత తేలింది. అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల అవసరాలకు దీని వాడకాన్ని దాదాపుగా ఆపేశారు. కామేశం ప్రతిభకు దీనివల్ల లోటేమీ లేదు. కొత్త సంగతి తెలిసినప్పుడు పాత పద్ధతిని మార్చుకోవడమే విజ్ఞానశాస్త్రపు నడక.

సీసం విషయం కూడా అంతే. పూర్వం కొన్ని పసుపు, పచ్చ, ఎరుపు రంగుల్లో సీసం సమ్మేళనాలు ఉండేవి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అనదగిన హద్దు కూడా దానికి లేదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదనే నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మేము పచ్చరంగు వేసింది అంతకు ముందే! కనుక దానిని గీకేటప్పుడు పిల్లలెవరినీ దగ్గరికి రానివ్వలేదు. వడ్రంగి ముక్కుకు మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా తడిపి గీకాడు. ఆ పెచ్చులను తోట మట్టిలో పడనివ్వకుండా పట్టా పరిచి ఏరి తీశాం. మీ ఇంట్లో పాత తలుపుల రంగును మీరు మాత్రం గీకకండి.

రెండోసారి ఏం చేశాం?

2018లో సంక్రాంతి వెళ్లాక పని మొదలుపెట్టాం. చివికిన పలకలు తీసేశాం. గదిని రాతి దిమ్మెల మీద జానెడు ఎత్తుకు లేపాం. గోడలకు వాన జల్లు తగలకుండా చూరును మూరెడు బయటికి పెంచాం. గోడనానుకుని ఉన్న తీగను తప్పించి గాలికి దారి ఇచ్చాం. కొత్త పలకలను నీడలో గాలి ఆడేలా పేర్చి, ఒకే పలకను వారం వారం తూచాం. బరువు తగ్గడం ఆగిన తరువాతే బ్రష్షు పట్టాం.

ముందు కోత అంచులకు ప్రైమర్ పట్టినంత పట్టించాం. మేకుల గుంటలు లప్పంతో పూడ్చాం. గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, గోడలకు ప్రైమర్ వేశాం. తరువాత సీసం లేదని డబ్బా మీద రాసి ఉన్న రంగును రెండు పలచని పూతలుగా, ఒకటి ఆరాక ఒకటి వేశాం. మండుటెండలో వేస్తే పైపొర ముందే గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. అందుకని నీడ ఏ గోడ మీద ఉంటే ఆ గోడకే వేశాం. అప్పటి నుంచి ఏటా వానలకు ముందు అంచులు చూసి, పగిలిన చోట మళ్లీ పూస్తున్నాం. ఆ గది ఇప్పటికీ నిలిచే ఉంది.

మీరూ చేసి చూడండి

1. ఒకే పలక నుంచి ఒకే కొలత గల రెండు ముక్కలు కోయించండి. పెద్దల సాయంతో, ఒకదానికి కోత అంచులను మాత్రమే కొవ్వొత్తి మైనంతో మూయండి. రెండోదానికి కోత అంచులు వదిలి మిగిలిన ముఖాలన్నీ మూయండి. తూచి, ఒకరోజు నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు ఏ ముఖం ఎక్కువ నీరు పీల్చిందో లెక్క కట్టండి.

2. మూడు గాజు పలకల మీద అవిసె, వేరుశనగ, కొబ్బరి నూనెలను పలచగా పూయండి. దుమ్ము పడని, వెలుతురు వచ్చే చోట ఉంచి, వారం పది రోజుల తరువాత వేలితో తాకి చూడండి.

ఫలితాలు రాసుకుని మీ సైన్సు మాస్టారికి చూపించండి. ఆయన చెప్పిన దానికీ, మీ చేతికి తగిలిన దానికీ తేడా కనిపిస్తే భయపడకుండా అడగండి. ఆనాడు మా బడిలో ఒక అమ్మాయి అలాగే చెప్పింది. విననిది నేనే.